చీటీ లేని నెమలీక

మీకు తెలుసా? నెమలి పురి విప్పినప్పుడు మనం చూసేది దాని తోక కాదు. అసలు తోక పింఛం వెనక దాగి ఉంటుంది. పొట్టిగా, గోధుమరంగులో, పందిరికి గుంజల్లా ఆ బరువంతా మోస్తూ ఉంటుంది. కన్నులున్న పొడుగాటి ఈకలు తోక మొదలును కప్పే ఈకలే, మగనెమలికి అంత పొడవు సాగాయి. వానాకాలం చివర్లో ఏటా రాలిపోయి, మళ్లీ మొలుస్తాయి.

అలా రాలిన ఈకను పుస్తకంలో దాచుకోని తెలుగు పిల్లలు అరుదు. మేతగా ఈతాకు పొడి వేసి, పిల్లలు పెట్టిందేమోనని పొద్దున్నే తెరిచి చూసుకునేవాళ్లం. మనలో చాలామంది సేకరించిన మొదటి ప్రకృతి నమూనా అదే. నాది ఇప్పటికీ ఉంది. కన్ను రంగు కూడా చెక్కుచెదరలేదు. అయితే అది ఏ ఊళ్లో దొరికింది, ఏ నెలలో దొరికింది, ఎవరు తెచ్చిచ్చారు? రాసిపెట్టుకోలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు. దానికి ఒక చిన్న చీటీ కట్టి ఉంటే, ఫలానా సంవత్సరం ఫలానా ఊళ్లో నెమళ్లు తిరిగేవనడానికి ఆ ఈకే సాక్ష్యమయ్యేది.

ఇక్కడి సంగతులన్నీ ఆ చీటీ చుట్టూ తిరిగేవే. పక్షుల్ని, పురుగుల్ని, పాముల్ని, మొక్కల్ని ఇష్టం కొద్దీ చూసి, గుర్తుపట్టి, రాసిపెట్టేవాళ్ల సంగతులు.

రైలెక్కి వచ్చిన సాలీడు

గుత్తి అనగానే మనకు కోట గుర్తొస్తుంది. దేశదేశాల్లో సాలీళ్లను పెంచేవాళ్లకు మాత్రం ఆ పేరు ఒక సాలీడు వల్ల తెలుసు. మెరిసే నీలం ఒళ్లు, కాళ్ల మీద పసుపు మచ్చలు. కాళ్లు చాపితే మన అరచేయంత ఉంటుంది. 1899లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే ఆర్.ఐ.పోకాక్ దాన్ని కొత్త జాతిగా వర్ణించాడు. ఆయన చేతికి అందింది ఒకే ఒక్క ఆడ సాలీడు. దొరికిన చోటు గుత్తి అని నమోదైంది.

ఆ తరవాత నూరేళ్లు అది మళ్లీ అడవిలో ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో కనిపించింది. గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. అది పెద్ద చెట్ల తొర్రల్లో కాపురముండే జాతి. మరి రాతిగుట్టల గుత్తికి ఎలా చేరింది? మొదటి సాలీడు దొరికింది రైల్వే స్టేషన్ కలప యార్డులో. అడవిలో నరికిన దుంగ తొర్రలో కూర్చుని, దుంగతో పాటే రైలెక్కి వచ్చిందన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్న వివరణ.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. 'స్టేషన్ కలప యార్డు' అన్న ఆ చిన్న వివరం నిలిచి ఉండబట్టే మనకు ఈ వివరణ దొరికింది. ఉత్త 'గుత్తి' అన్న రెండక్షరాలే మిగిలి ఉంటే, కోట చుట్టూ గుట్టల్లో బండలు తిరగేస్తూ, ఆ జాతి అంతరించిపోయిందని తేల్చేసేవాళ్లం. అందుకే చోటు రాసేటప్పుడు ఊరి పేరుతో ఆగకూడదు. ఊరికి ఏ దిక్కున, ఎంత దూరాన, చెరువు గట్టునా, చింతచెట్టు బెరడు కిందా, గోడ మీదా అన్నది కూడా రాయాలి.

ఈ సాలీడు ఇప్పుడు తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఉన్న కాస్త అడవీ తరిగిపోతోంది. దాని అందమే దానికి చేటు కూడా తెచ్చింది, పెంచుకోవడానికి పట్టుకుపోయేవాళ్లున్నారు.

డార్విన్ రాయని పేర్లు

1835 సెప్టెంబరులో గాలాపగోస్ దీవుల్లో దిగిన చార్లెస్ డార్విన్ అక్కడి పిచ్చుకల్లాంటి చిన్న పక్షుల్ని సేకరించాడు. ఏది ఏ దీవిలో దొరికిందో చాలావాటికి రాయలేదు. పక్క పక్క దీవుల్లో వేరు వేరు జాతులుంటాయని అప్పటికి ఆయనకు తట్టలేదు. 1837 జనవరిలో లండన్‌లో జాన్ గూల్డ్ అనే పక్షి నిపుణుడు వాటిని పరిశీలించి, ఇవన్నీ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలైన కొత్త జాతులని చెప్పాక దీవి పేరు విలువ తెలిసింది. అప్పుడు డార్విన్ ఏం చేశాడు? అదే ఓడలో వచ్చిన కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, తన సహాయకుడు కోవింగ్టన్ వంటివాళ్లు సొంతంగా సేకరించుకున్న పక్షుల చీటీలు అడిగి చూసుకున్నాడు. వాళ్లు రాశారు. తరవాత ప్రపంచమంతా ఆ పక్షుల్ని డార్విన్ పేరుతోనే పిలిచింది.

పెన్సిలే ఎందుకు?

సారాయిలాంటి స్పిరిట్‌లో ఉంచే నమూనాల సీసాలోకి చీటీని కూడా వేస్తారు. బాల్‌పెన్ను సిరా ఆ స్పిరిట్‌లో కరిగిపోతుంది. పెన్సిల్ గీత కరగదు. వానలో తడిసిన నోటుపుస్తకంలోనూ అంతే.

దొంగ చీటీ

రాయకపోవడం కంటే పెద్ద తప్పు ఒకటుంది. మధ్య భారతంలో అడవి గుడ్లగూబ అనే చిన్నజాతి ఉంది. 1873లో ఎ.ఓ.హ్యూమ్ దానికి పేరు పెట్టాడు. కాంగ్రెస్ స్థాపకుడిగా మనం చదువుకున్న హ్యూమ్ ఈయనే. ఆ కాలంలో మన దేశపు పక్షుల గురించి ఆయనంత లోతుగా తెలిసినవాళ్లు తక్కువ. 1884 తరవాత ఆ గుడ్లగూబ జాడ లేదు. అయితే రిచర్డ్ మెయినర్ట్స్‌హాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి తాను 1914లో గుజరాత్‌లో ఒకదాన్ని పట్టానంటూ నమూనా చూపాడు. దాన్ని నమ్మినవాళ్లు గుజరాత్‌లో వెతికారు. దొరకలేదు.

1990లలో పమేలా రాస్ముసెన్ అనే అమెరికన్ పక్షి శాస్త్రవేత్త ఆ నమూనాను నిశితంగా పరిశీలించింది. లోపల కూరిన దూది, కుట్టు వేసిన తీరు చూస్తే అది జేమ్స్ డేవిడ్‌సన్ అనే ఇంకో సేకర్త 1884లో తయారుచేసిందని తేలింది. మ్యూజియం నుంచి దొంగిలించి, దూది మార్చి, కొత్త చీటీ కట్టారు. ఆ ఒక్క చీటీని పక్కన పెట్టి, మిగిలిన నిజమైన చీటీలు చెప్పిన ఊళ్లకు ఆమె, ఇద్దరు సహచరులు వెళ్లారు. 1997 నవంబరు 25న మహారాష్ట్రలోని షహాదా దగ్గర, సాత్పురా కొండల పాదాల్లో, పట్టపగలు కొమ్మ మీద కూర్చుని ఆ గుడ్లగూబ కనిపించింది. నూట పదమూడేళ్లు.

పక్షిని కాల్చి చంపడం వల్ల కలిగే నష్టం ఒక పక్షి. తప్పుడు చీటీ వల్ల ఒక జాతిని వెతికే దారే మూసుకుపోయింది. నాకు ఆ రెండోదే ఎక్కువ బాధగా ఉంటుంది.

ఫార్వర్డ్ అయిన ఫొటో

ఇప్పుడు మనం నమూనాలకు బదులు ఫొటోలు తీస్తున్నాం. సెల్‌ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫొటో లోపలే తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు చేరిపోతాయి. అంటే చీటీ దానంతట అదే కట్టుకుంటుంది. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలన్నీ ఊడిపోతాయి. అందుకున్నవాళ్లకు మిగిలేది బొమ్మ మాత్రమే. 'మా పొలంలో కనిపించింది, ఏ పామండీ?' అని వచ్చే ఫొటో నాలుగు చేతులు మారేసరికి ఆ పొలం శ్రీకాకుళంలోదో, ఆదిలాబాద్‌లోదో చెప్పేవాళ్లుండరు. డాక్యుమెంటుగా పంపితే వివరాలు పోకుండా ఉంటాయి. లేదా కింద ఒక వాక్యం రాయాలి.

పాత గుడ్లు చెప్పిన సాక్ష్యం

ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పక్షి గుడ్లు ఏరి, సొరుగుల్లో దూది మీద పేర్చుకోవడం పెద్దమనుషుల సరదా. చట్టం 1954లో దాన్ని అడ్డుకుంది, మంచిపని చేసింది. అయితే వాళ్లలో చాలామంది ప్రతి గుడ్డుకూ తేదీ, చోటు శ్రద్ధగా రాసుకున్నారు.

1960లలో డేగల గూళ్లలో గుడ్లు చితికిపోవడం ఎందుకో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్తకు అంతుపట్టలేదు. ఆయన ఆ పాత సొరుగులు తెరిపించి, పెంకుల్ని తూచి, సంవత్సరాల వారీగా వేసి చూశాడు. 1947 ప్రాంతం దాకా ఒకేలా ఉన్న బరువు, అక్కడి నుంచి ఒక్కసారిగా పడిపోయింది. పొలాల్లో డీడీటీ చల్లడం మొదలైన కాలం అదే. చిన్న పిట్టల ద్వారా ఆ మందు డేగ ఒంట్లోకి చేరి పెంకును పలచబరుస్తోంది, పొదగబోయిన తల్లి బరువుకే గుడ్డు పగులుతోంది. 1967లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. అమెరికా 1972లో డీడీటీ వాడకాన్ని నిషేధించింది. సొరుగులో గుడ్డు పెట్టుకున్నాయన ఎవరూ పురుగుమందు గురించి ఆలోచించి పెట్టుకోలేదు. తేదీ రాశాడు, అంతే.

సొరుగు తెరిచి చూపినాయన

పదేళ్ల ప్రాయంలో బొంబాయిలో ఒక పిల్లవాడు బొమ్మ తుపాకీతో పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుంటే గొంతు దగ్గర పసుపు మచ్చ. ఇదేం పిచ్చుక? మేనమామ అతణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి డబ్ల్యూ.ఎస్.మిలార్డ్ విసుక్కోలేదు. పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, సొరుగు తర్వాత సొరుగు తెరిచి, పిచ్చుకల్లో ఎన్ని రకాలున్నాయో చూపించాడు. ఆ పిల్లవాడు సలీం అలీ.

1931-32లో నిజాం సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసింది ఆయనే. తెలంగాణ అడవుల్లో తొంభై ఏళ్ల కిందట ఏ పిట్టలుండేవో ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే ఆ సర్వే పుణ్యమే.

పాముల ప్రజాతికి తెలుగు బంగారం

కట్లపాముల ప్రజాతికి శాస్త్రం పెట్టిన పేరు 'బంగారస్'. ఇండోనేషియాలో ఉన్నా, వియత్నాంలో ఉన్నా కట్లపాములన్నింటికీ ఇదే ఇంటిపేరు. అది మన 'బంగారు పాము' నుంచి వచ్చింది.

ఆ పేరు రాసుకున్నాయన ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు. 1780లలో తమ్ముడి వెంట విశాఖపట్నం వచ్చి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశీలకుడయ్యాడు. ఊళ్లో జనం పాముకాటుకు చనిపోతున్నారు. ఏది విషప్పామో, ఏది కాదో తెలుసుకోవాలి. పట్టేవాళ్లు తెచ్చిన పాముల్ని పొలుసులు లెక్కపెట్టి వర్ణించి, బొమ్మలు వేయించి, ప్రతిదానికీ తెచ్చినవాళ్లు చెప్పిన పేరు రాసుకున్నాడు. పసుపు, నలుపు పట్టీలున్న పామును వాళ్లు బంగారు పాము అన్నారు. 1796లో ఆయన పుస్తకం వచ్చింది. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ ఆ పేరునే మొత్తం ప్రజాతికి ఇచ్చాడు.

రక్తపింజరిని ఇంగ్లిషులో రస్సెల్ పేరుతో పిలుస్తారు. రస్సెల్ మాత్రం దాని కింద రాసిన పేరు 'కాటుక రేకుల పొడ'. పొడ అంటే మచ్చ. ఒంటినిండా కాటుకతో దిద్దిన పూరేకుల్లాంటి మచ్చలున్న పాము. ఆ పామును ఒకసారి దూరం నుంచైనా చూసినవాళ్లకు తెలుస్తుంది, అంత కచ్చితమైన వర్ణన ఇంకే భాషలోనూ దానికి లేదని. ఈ పేరు పెట్టింది పండితులు కాదు, పాముల్ని పట్టి బతికేవాళ్లు.

విశాఖ తీరపు చేపలు 200 ఆయన 1803లో రెండు సంపుటాలుగా అచ్చువేశాడు. వాటికీ తెలుగు పేర్లే. నల్ల చందువా అందులో ఉంది. ఇవాళ రేవుకెళ్లి అదే పేరు చెబితే అదే చేప చేతికిస్తారు. రెండొందల ఏళ్లు దాటినా ఆ నమోదు చెల్లుతూనే ఉంది. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల్ని చిత్రాలతో అచ్చువేయించిన విలియం రాక్స్‌బర్గ్ కూడా ఇదే పని చేశాడు. సోమిద చెట్టు శాస్త్రీయ నామంలో మన సోమిద అలాగే ఉంది.

మన నోటుపుస్తకాల్లో ఇంగ్లిషు పేరు పక్కన ఊరి పేరు, ఊళ్లోవాళ్లు పిలిచే పేరు రెండూ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. పక్క మండలానికి పోతే అదే పిట్టకు వేరే పేరుంటుంది. అది కూడా రాయదగిన సంగతే.

మట్టిలో అడుగులు

కలివికోడి అనే పిట్ట కథ చాలామంది వినే ఉంటారు. 1848లో శాస్త్రానికి తెలిసింది. దాన్ని సేకరించిన టి.సి.జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మాయమైంది. సలీం అలీతో సహా ఎందరో వెతికారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవి అంచున రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికింది భరత్ భూషణ్. పట్టింది మాత్రం రాత్రివేళ దీపంతో పిట్టల్ని పట్టే స్థానికుడు. కలివి పొదల మధ్య తిరిగే కోడి కాబట్టి కలివికోడి అని వాళ్లకు అది ఎప్పటినుంచో తెలుసు. శాస్త్రం ఎనభై ఆరేళ్లు పోగొట్టుకున్నది ఊరికి ఒక్కరోజు కూడా పోలేదు.

ఇక్కడిదాకా తెలిసిన కథ. అంతగా తెలియనిది తరవాతది. అది రాత్రి తిరిగే పిట్ట, మనిషి అలికిడికి ముళ్లపొదల్లోకి జారుకుంటుంది. ఎన్ని ఉన్నాయో లెక్క తేలడం ఎలా? 2000 ప్రాంతంలో పరిశోధకుడు పి.జెగనాథన్, ఆయన సహచరులు పొదల మధ్య బాటల్లో సన్నటి మట్టి పట్టీలు పరిచారు. రాత్రి ఏ జంతువు దాటినా పొద్దున్నే అడుగు కనబడుతుంది. తీతువు అడుగుకూ, కలివికోడి అడుగుకూ తేడా కొలతల్లో పట్టుకున్నారు. దానితో పాటు, కదలిక తగిలితే దానంతట అదే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు, రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం చెవులు రిక్కించారు. పిట్టను ముట్టుకోకుండా, చూడకుండా, అది ఉన్నదని నిరూపించే పద్ధతులివి. మీ పొలం గట్టు మీద రాత్రి ఏవి నడిచాయో తెలుసుకోవడానికి కూడా మెత్తటి మట్టి, పొద్దున్నే లేవడం చాలు.

ఇంకొకటి. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఏళ్ల తరబడి ఉండిపోయిన ఒక గుడ్డుకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అది కలివికోడిదని తేలింది. ఈ జాతిది ప్రపంచంలో తెలిసిన గుడ్డు అదొక్కటే. కోలార్ బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా ఉన్నాయన 1917లో సేకరించింది.

కరివేపాకు చెట్టు మీది మాయ

గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అడవికే వెళ్లాలా? పెరట్లో కరివేపాకు చెట్టు చాలు. దాని ఆకుల మీద మొదట పిట్ట రెట్టలా, తరవాత ఆకుపచ్చగా కనిపించే గొంగళి పురుగు పెరిగి కామన్ మార్మన్ అనే నల్లటి సీతాకోకచిలుక అవుతుంది. నిమ్మ, బత్తాయి ఆకులన్నా దానికి ఇష్టమే. మగదానికి వెనక రెక్కల మీద తెల్లమచ్చల వరస. ఆడదానికి ఒక రూపం కాదు, మూడు రూపాలు. ఒకటి మగదానిలాగే ఉంటుంది. మిగిలిన రెండూ రోజ్ అనే వేరే జాతి సీతాకోకచిలుకల వేషం.

ఎందుకు? రోజ్ పిల్లలు గాడిదగడప వంటి విషపు మొక్కల్ని తిని పెరుగుతాయి, ఆ విషం రెక్కలొచ్చాక కూడా ఒంట్లో ఉంటుంది. ఒకసారి తిని కక్కుకున్న పిట్ట ఇంకోసారి ముట్టదు. కరివేపాకు తిన్నదానికి విషం లేదు, వేషం మాత్రం ఉంది. రెక్కలు చూస్తే పిట్టలే మోసపోతాయి, మనమెంత? తేడా ఒంట్లో ఉంది. రోజ్ ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మార్మన్ ఒళ్లు నల్లగానే ఉంటుంది. రెక్కల అందం చూసి ఫొటో తీసి, ఒళ్లు తీయని ఫొటోలు నా దగ్గర ఎన్నో ఉన్నాయి. వాటికి పేరు రాయలేకపోయాను.

గుర్తులు ఎప్పుడూ ఒక్కదాని మీద ఆధారపడకూడదు. కట్లపాముకు తెల్ల చారలు తల నుంచి కాస్త దూరాన మొదలై తోకవైపు స్పష్టంగా ఉంటాయి. విషం లేని వుల్ఫ్ స్నేక్‌కు మెడ దగ్గరే మొదలై తోకవైపు మాసిపోతాయి. పుస్తకంలో ఇది చక్కగా ఉంటుంది. అయితే కట్లపాము పిల్లలకు చారలు మెడదాకా ఉండవచ్చు. అందుకని ఇంట్లో చారల పాము కనిపిస్తే గుర్తుపట్టే ప్రయత్నమే వద్దు. దూరంగా నిలబడి, పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవాళ్లను పిలవండి.

ఫొటోలో ఏముండాలి?

తూనీగకు పక్క నుంచి ఛాతీ చారలు, తోక కొస. పుట్టగొడుగుకు గొడుగు అడుగుభాగం. మొక్కకు పువ్వుతో పాటు ఆకులు కొమ్మకు ఎలా అమరాయో, బెరడు ఎలా ఉందో. సాలీడుకు ముఖం మీద కళ్ల వరసలు. నిపుణులు ముందు అడిగేవి ఇవి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే పరిమాణం తెలుస్తుంది.

అమెరికాలో 2008లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఇలాంటి ఫొటోలు పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. జాతి పేరు మీద మూడింట రెండు వంతుల మందికి పైగా ఒప్పుకుంటేనే ఆ నమోదు పరిశోధనకు పనికొచ్చే శ్రేణికి చేరుతుంది. తేదీ, చోటు లేకపోతే ఎంత అందమైన ఫొటో అయినా ఆ మెట్టు ఎక్కదు. ప్రమాదంలో ఉన్న జాతులకైతే అసలు చోటును యాప్ లోపలే దాచి, బయటివాళ్లకు చుట్టుపక్కల ఎక్కడో ఉన్నట్టు చూపిస్తుంది. నీలి సాలీడును పట్టుకుపోయేవాళ్ల సంగతి చెప్పాను కదా, అలాంటివాళ్ల నుంచి కాపాడటానికి.

చెవితో

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని సెల్బర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే చర్చి గురువు, అందరూ ఒకటే అనుకునే ఆకుపచ్చని బుల్లి పిట్టలు నిజానికి మూడు జాతులని తేల్చాడు. ముందు పట్టించింది వాటి పాట. అలాంటి బుల్లి పిట్టలు చలికాలంలో మన చింతచెట్లకూ వలస వస్తాయి. ఆకుల మధ్య కంటికి ఆనవు, కూత మాత్రం రోజంతా వినబడుతుంది. ఫోనులో రికార్డు చేసుకోండి. ఆఖర్లో తేదీ, సమయం, చోటు మీ గొంతుతోనే చెప్పండి. ఆ ముక్క రికార్డింగును వదిలి ఎక్కడికీ పోదు. వానాకాలం కప్పలకు ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, మగకప్పల పిలుపు ఏ జాతికి ఆ జాతిదే. తొలివానలకు బోదురుకప్ప మగవి ఒళ్లంతా పసుపు పచ్చగా మారిపోతాయి. ఎండాకాలంలో చూసిన కప్పేనంటే కళ్లు నమ్మవు, గొంతు నమ్మిస్తుంది.

ముట్టుకోకుండానే

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని జాబితాల్లో ఉన్న జంతువుల్ని పట్టడమే కాదు, పక్షి గుడ్లు పగలగొట్టడం, గూళ్లు చెదరగొట్టడం కూడా చట్టం దృష్టిలో వేటే. కొన్ని సీతాకోకచిలుకలు కూడా ఆ జాబితాల్లో ఉన్నాయి. అనుమతి లేకుండా అభయారణ్యం నుంచి ఏదీ బయటికి తేకూడదు. సూదిగుచ్చిన పురుగుల పెట్టెలు పరిశోధనా సంస్థలకు వదిలేసి మనం ఫొటో, కూత, అడుగు, నోటుపుస్తకంతో సరిపెట్టుకోవడమే మేలు.

చనిపోయిన కొంగో, బాతో చెరువు గట్టున కనిపిస్తే కాళ్లు చూడండి. కొన్నింటికి లోహపు ఉంగరం ఉంటుంది, మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయమని, ఒక నంబరు. ఆ నంబరు, తేదీ, చెరువు పేరు రాసి పంపితే, ఆ పక్షి ఎక్కడ ఉంగరం తొడిగించుకుని ఎన్నేళ్లు ఎగిరి మీ ఊరు చేరిందో వాళ్ల లెక్కల్లో తేలుతుంది.

ఆరుద్ర పురుగుకు ఎన్ని కాళ్లు?

ఎనిమిది. అంటే అది పురుగు కాదు, సాలీళ్లకు దగ్గరి చుట్టం. ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కలా ఉంటుంది. పిల్ల దశలో మాత్రం ఆరు కాళ్లే, అప్పుడు వేరే పురుగుల ఒంటికి అతుక్కుని బతుకుతుంది. పెద్దయ్యాక ఏడాదిలో ఎక్కువ కాలం నేల లోపలే. తొలకరి తడికి బయటికొచ్చి, అదే తడికి పుట్టల్లోంచి లేచే చెదల్ని తిని, కొద్దిరోజుల్లోనే మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతుంది.

మన రైతులు ఆ రాకను ఆరుద్ర కార్తెతో ముడివేశారు. జూన్ 22 ప్రాంతంలో మొదలయ్యే కార్తె అది. ఏ పురుగు ఎప్పుడు కనిపిస్తుందో, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో పంచాంగానికి ముడివేసి గుర్తుపెట్టుకునే పద్ధతి మనకు తరతరాలుగా ఉంది. అది కాగితం మీదికి ఎక్కలేదు, అదొక్కటే లోటు.

అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో 1850లలో కాంకర్డ్ అనే తన ఊళ్లో ఏ మొక్క ఏ రోజు తొలిపువ్వు పూసిందో రాసుకున్నాడు. గాంధీజీని ప్రభావితం చేసిన రచయిత ఆయనే. నూట యాభై ఏళ్ల తరవాత రిచర్డ్ ప్రైమాక్ అనే శాస్త్రవేత్త ఆ కాగితాలు పట్టుకుని అదే ఊళ్లో అవే మొక్కల్ని చూశాడు. సగటున వారం ముందే పూస్తున్నాయి. వేడి పెరిగిన లెక్క ఒక రచయిత జాబితాలో దొరికింది.

మా ఊరి మెట్టచేలల్లో ఆరుద్ర పురుగులు ఇప్పుడు ముందే వస్తున్నాయనీ, లేదు, ఆలస్యమవుతున్నాయనీ, అసలు తగ్గిపోయాయనీ పెద్దవాళ్లు మూడు రకాలుగా చెబుతారు. ముగ్గురూ కళ్లతో చూసినవాళ్లే. నేను అడగని మాట ఒకటే, ఏ చేనులో, ఏ తేదీన అని. ఈ మధ్య తొలకరికి నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించాను. మొదటి వాన ఎప్పుడు పడింది, ఎన్నో రోజున మొదటి ఎర్ర చుక్క కనిపించింది, ఎర్రనేలలోనా రేగడిలోనా, ఎవరు ముందు చూశారు. ఇప్పటిదాకా ప్రతిసారీ ముందు చూసింది బడిపిల్లలే. వాళ్ల పేర్లు రాసి, పక్కన కాళ్ల లెక్క వాళ్ల చేతే వేయిస్తున్నాను.